పన్నెండు మెట్ల కిన్నెర – స్టూడియో పాట: కొన్ని ప్రశ్నలు

మౌఖిక సాహిత్యం విషయంలో మన విమర్శకు రెండు అలవాట్లు స్థిరపడిపోయాయి. దాన్ని 'జానపదం' అనే గదిలో పెట్టి తాళం వేసి, కర్తలేని, కాలంలేని వస్తువుగా చూడటం ఒకటి. అదే పాట రికార్డయి సినిమాలోకో, క్యాసెట్టులోకో, ఫోనులోకో వచ్చినప్పుడు 'వ్యాపారం దీన్ని పాడుచేసింది' అని ఒక్క వాక్యంలో తీర్పు చెప్పి పక్కకు తప్పుకోవడం రెండోది. పైకి ఇవి వేరువేరు అలవాట్లుగా కనిపించినా రెండింటిలోనూ లోపించింది ఒక్కటే: పాడే మనిషి. ఆ మనిషి ఎక్కడివాడు, ఎవరి ముందు పాడుతూ వచ్చాడు, ఏ కథ పాడాడు, స్టూడియోలో ఆయన చేత ఏం పాడించారు, పాట బయటికొచ్చాక ఆయన బతుకు ఏమైంది అన్న ప్రశ్నలు వేయకుండా వస్తువు గురించీ రూపం గురించీ ఎంత చర్చించినా అది గాలిలో కట్టిన గోడే అవుతుంది.

ఈ ప్రశ్నలను ఒక నిర్దిష్ట ఉదాహరణ మీద పరీక్షించి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణ మన దక్షిణ తెలంగాణదే. నాగర్‌కర్నూలు జిల్లా, 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. అక్కడి లింగాల మండలం అవుసలికుంటకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య. 2021 సెప్టెంబర్ 2న విడుదలైన 'భీమ్లా నాయక్' సినిమా శీర్షిక గీతం ఆయన గొంతుతోనే మొదలవుతుంది. ఆ పాట తయారీనీ, దానికి దక్కిన ఆదరణనూ, దాని తర్వాతి కథనూ కలిపి చూస్తే, ఒక పాతకాలపు కథాగాయకుడు కొత్తకాలపు ఉత్పత్తి వ్యవస్థలో అడుగుపెట్టినప్పుడు ఏం జరుగుతుందో మనకు కొంతవరకు తెలుస్తుంది.

1

ముందు కిన్నెర గురించి. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, తేనె మైనంతో అతికించిన మెట్లు. ఈ మెట్లకు పూర్వం అలుగు పెంకులు వాడేవారు. ఇందులో అంగడిలో కొన్న వస్తువు దాదాపు లేదు. అడవీ, చెలకా, పెరడూ ఇచ్చినవాటినే జోడించి మనిషి చేత మాట్లాడించిన వాద్యం ఇది. సాధారణంగా ఏడు మెట్ల కిన్నెర వాడుకలో ఉంటే, పన్నెండు మెట్ల కిన్నెర అరుదైనది. దాన్ని పలికించగలిగిన కొద్దిమందిలో మొగులయ్య ఒకరు. ఇటువంటి మూలవాసుల వాద్యాలను వెతికి, వాటిని పలికించేవారిని లోకానికి చూపడంలో జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషి ఉంది.

వాద్యం వెనుక ఒక సామాజిక సంబంధం ఉంది. డక్కలివారు మాదిగ కులానికి ఆశ్రితులు. మాదిగ వాడల్లో కులపురాణం చెప్పి, వంశాలు పొగిడి, ప్రతిఫలం అందుకుని బతికినవారు. అంటే కిన్నెర కథ వినోదం కోసం పుట్టలేదు. అది ఒక సమూహం తన గతాన్ని తానే చెప్పించుకుని వినే ఏర్పాటు. గ్రంథం చదివే హక్కు లేనివాళ్లకు ఈ కథకుడే గ్రంథం. పోషించే కులమే అర్ధాకలితో ఉంటే ఆశ్రిత కులం స్థితి ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అంటరానివారికి సైతం ఆశ్రితులై బతకడమంటే నిచ్చెన కింది మెట్టుకు కూడా కింద నిలబడటమే. ఊళ్లలో వృత్తులు కూలి, వాడలు వలసలకు ఖాళీ అవుతున్నకొద్దీ ఆ కథ వినే అరుగులూ ఖాళీ అయ్యాయి. కథకుడు వాడ విడిచి బజారుకు, బస్టాండుకు వచ్చాడు. వినేవాళ్లు మారారు, వినే ఓపిక మారింది, కథ కురచైంది. స్టూడియో గడప తొక్కకముందే ఈ మార్పు మొదలైందని గుర్తించాలి. లేకపోతే 'ఊళ్లో స్వచ్ఛంగా ఉన్న కళను నగరం చెడగొట్టింది' అనే భ్రమలో పడతాం.

ఇక కథా వస్తువు. మొగులయ్య గొంతులో పేరెక్కినవి పండుగ సాయన్న కథ, మియాసాబు కథ. పండుగ సాయన్న పాలమూరు ప్రాంతంలో 19వ శతాబ్దం నాటి వీరుడు. భూస్వాములనూ వడ్డీ వ్యాపారులనూ కొట్టి పేదలకు పంచినవాడని జనం చెప్పుకుంటారు. సర్కారు కాగితాల్లో దొంగ, జనం నోట్లో దొర. ఇట్లాంటి బందిపోటు కథలు లోకమంతటా ఉన్నాయి. వాటిలో చారిత్రక సత్యం ఎంత అన్నది ఒక ప్రశ్న. జనం వాటిని ఎందుకు నిలుపుకున్నారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. న్యాయం చేసే వ్యవస్థ లేనిచోట న్యాయాన్ని ఊహించుకునే హక్కునైనా వదులుకోకపోవడం ఆ కథల సారం. కాబట్టి కిన్నెర పాటకు రూపంతోపాటు ఒక పక్షం కూడా ఉంది. అది పోలీసు పక్షం కాదు, పోలీసు వెతికేవాడి పక్షం.

2

ఇప్పుడు కొంచెం దూరం పోయి రావాలి. మా బడి పిల్లలు ఫోనుల్లో ర్యాప్ వింటారు. అది మనది కాదని పెద్దలు విసుక్కుంటారు. కాని దరువు మీద మాటను పరుగెత్తించడం, తన ఊరినీ తన పేరునూ గొప్పగా చాటుకోవడం, చట్టానికి దొరకనివాణ్ణి నాయకుణ్ణి చేయడం, ఎదుట ఉన్న జనాన్ని బట్టి అక్కడికక్కడ మాట కట్టడం చూస్తే, కిన్నెర కథకూ ర్యాప్‌కూ చుట్టరికం కలపడం కష్టం కాదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, పేద నల్లజాతి వాడలో, 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే యువకుడు గ్రామఫోను పలకలు తిప్పిన వేడుకను హిప్‌హాప్ పుట్టుకగా చెప్పుకుంటారు. ఆరేళ్లపాటు అది వీధి కళగానే ఉంది. ఆ రాత్రికి ఆ వీధిలో ఉన్నవాళ్లదే ఆ పాట.

1979లో ఆ కళ స్టూడియోలోకి ప్రవేశించింది. న్యూజెర్సీ రాష్ట్రంలో షుగర్ హిల్ అనే రికార్డు కంపెనీ 'ర్యాపర్స్ డిలైట్' పేరుతో సుమారు 15 నిమిషాల పాటను విడుదల చేసింది. లోకం మొత్తానికి ర్యాప్‌ను పరిచయం చేసిన రికార్డు అదే. అయితే ఆ పాట పాడిన ముగ్గురూ బ్రాంక్స్ వీధుల్లో తలపండిన కళాకారులు కారు. వాళ్లలో ఒకరు పాడిన చరణాలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే వీధి కవివి. కాజ్ తన మారుపేరును అక్షరం అక్షరంగా చెప్పుకున్న చోటు కూడా ఆ రికార్డులో ఇంకొకరి నోట అలాగే ఉండిపోయింది. ఆయనకు పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. అదే రికార్డులో వాడుకున్న బాణీ 'షిక్' అనే బృందానిది. ఆ బృందం న్యాయపోరాటానికి సిద్ధపడగానే కంపెనీ దిగివచ్చి, కర్తలుగా వాళ్ల పేర్లు చేర్చింది. అచ్చయి, నమోదై ఉన్న బాణీకి హక్కు దక్కింది. నోటిలోనూ నోటుపుస్తకంలోనూ ఉన్న మాటకు దక్కలేదు. మౌఖిక కళ స్టూడియోకు వచ్చినప్పుడు మొదట ఎదురయ్యే న్యాయం ఇదే: కాగితం ఉన్నవాడికి వాటా, గొంతు ఉన్నవాడికి చప్పట్లు.

అదే 1979లో మన దగ్గర 'మా భూమి' సినిమా తయారైంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాణంలో, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా వచ్చిన ఆ చిత్రం 1946–51 సాయుధ పోరాటపు పాటలను ప్రజల చెవులకు మళ్లీ అందించింది. సుద్దాల హనుమంతు పాట, ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చిన బండి యాదగిరిదని చెప్పే పాట అట్లా రికార్డుకెక్కాయి. రెండూ నల్లగొండ నేల పాటలు. యాదగిరి పాటను గద్దర్ తెరమీద కనిపించి పాడారు. 2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూసినప్పుడు కూడా ఆ పాటను చాలామంది గద్దర్ పాటగానే తలుచుకున్నారు. దీనిలో గద్దర్ తప్పేమీ లేదు. పాటను తనదని చెప్పుకోవడానికి ఆయన పాడలేదు. కాని రికార్డు అనే వస్తువుకు ఒక స్వభావం ఉంది. అది చివరగా పాడిన గొంతును నిలుపుతుంది, మొదట కట్టిన గొంతును మరిపిస్తుంది.

అయినా ఈ రెండు సంఘటనల మధ్య ఒక మౌలికమైన తేడాను పాఠకులు గమనించాలి. 'మా భూమి'లో పాట తన కథతో సహా వచ్చింది. దొర మీద కట్టిన పాట దొర మీద తిరుగుబాటు చెప్పే కథలోనే నిలిచింది. పాటకూ పక్షానికీ మధ్య పేగు తెగలేదు.

3

ఈ గీటురాయి మీద 2021 నాటి పాటను పెట్టి చూద్దాం. 'భీమ్లా నాయక్' శీర్షిక గీతానికి సంగీతం తమన్, రచన రామజోగయ్య శాస్త్రి. ప్రారంభంలో మొగులయ్య గొంతు, కిన్నెర. ఆ తర్వాత డప్పులూ డ్రమ్ములూ కలిసిన హోరు, రామ్ మిరియాల తదితరుల గొంతులు.

ప్రారంభ భాగాన్ని శ్రద్ధగా వింటే అది కిన్నెర కథ నియమాలను తెలిసి కట్టిన భాగమని ఒప్పుకోవాలి. నాయకుడు ఏ వాగు ఒడ్డున, ఏ తండాలో పుట్టాడు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు, చివరికి పేరు ఏమిటి అన్న వరుస ఉంది చూశారూ, అది వీరగాథల్లో వంశవర్ణన చేసే పద్ధతే. పేరును చివరిదాకా దాచి, వినేవాణ్ణి ఆత్రపెట్టి, ఆ తర్వాత విప్పడం కథకుల పాత విద్య. మొగులయ్య ఉచ్చారణను 'దిద్ద'లేదు. నల్లమల అంచు పల్లెల యాసను అట్లాగే ఉంచారు. వెనుక వాద్యాల గోల తగ్గించి గొంతుకు చోటిచ్చారు. తెలుగు సినిమా పాట దశాబ్దాలుగా తెలంగాణ మాటను హాస్యగాడికీ రౌడీకీ కేటాయించిన చరిత్ర తెలిసినవాళ్లకు, అదే మాట కథానాయకుడి జన్మవృత్తాంతం పలకడం చిన్న మార్పుగా కనిపించదు. దీన్ని గుర్తించకుండా తిట్టేవాడు విమర్శకుడు కాడు.

అయితే రూపం నిలిచింది కాబట్టి అన్నీ నిలిచినట్టేనా? ఇక్కడ మూడు విషయాలు చెప్పాలి.

మొదటిది కాలం. కిన్నెర కథకు నిడివి ప్రాణం. పాడటం, ఆగి వచనం చెప్పడం, కిన్నెరతో పలికించడం, వినేవాళ్ల ముఖాలు చూసి పెంచడమో కుదించడమో చేయడం ఆ కళ పద్ధతి. సినిమా పాటలో ఆ భాగం పాట మొత్తంలో చిన్న తునక. అసలు పాటకు ముందు పాడే నాందిలా అది నిలిచింది. నాంది అయిపోగానే సూత్రధారుడు తెర వెనక్కి పోవాలి. ఇక్కడా అదే జరిగింది. ఆ గొంతు తలుపు తీసి పెట్టింది, లోపలికి వేరేవాళ్లు వచ్చారు.

రెండోది మాట. మొగులయ్యది కట్టి పాడే సంప్రదాయం. కథ తెలిసినవాడు సందర్భాన్ని బట్టి మాట అల్లుకుంటాడు. స్టూడియోలో మాట ముందే సిద్ధమైన సాహిత్యం, దాని రచయిత వేరొకరు. అంటే కథకుడి నుంచి గొంతును తీసుకున్నారు, కర్తృత్వాన్ని తీసుకోలేదు. దీని మాతృక అయిన 2020 నాటి మలయాళ సినిమా 'అయ్యప్పనుమ్ కోషియుమ్'ను పక్కన పెడితే తేడా స్పష్టమవుతుంది. అందులో అట్టపాడి ప్రాంతపు ఇరుల ఆదివాసి స్త్రీ నంజియమ్మ తన భాషలో తన మాటలతోనే పాడింది. పాట రచయితగానూ ఆమె పేరే ఉంది. అదే కథ తెలుగుకు వచ్చేసరికి, స్థానిక గాయకుణ్ణి పెట్టాలన్న ఆలోచన వచ్చింది కాని స్థానిక కవిని పెట్టాలన్న ఆలోచన రాలేదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది పక్షం. భీమ్లా నాయక్ పాత్ర పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్. పండుగ సాయన్నను పొగిడిన కిన్నెర, పోలీసు వెతికినవాణ్ణి వీరుడన్న కిన్నెర, ఇక్కడ పోలీసు దుస్తులకు వంశవర్ణన చేసింది. సినిమా కథలో ఆ పోలీసు పేద తండా బిడ్డే, డబ్బూ పలుకుబడీ ఉన్నవాణ్ణి ఎదిరించేవాడే, అది నిజం. కాని ఎదిరించే బలం ఆయనకు జనం నుంచి రాలేదు. కొంత దుస్తుల నుంచి, కొంత ఒంటి కండ నుంచి వచ్చింది. కథానాయకుడి వెనుక ఉన్న తెర వెలుపలి తార గౌరవం కూడా ఆ పాటలోకి చేరింది. బందిపోటు గాథలో నాయకుడు జనం కోరికకు రూపం. తార గాథలో జనం నాయకుడికి ప్రేక్షకులు. రూపం ఒక్కటే, సంబంధం తలకిందులు. రూపాన్ని అచ్చంగా నిలిపి సారాన్ని మార్చడం ఎంత సులువో చూపడానికి నాకు దీనికి మించిన ఉదాహరణ దొరకలేదు.

తొమ్మిదో తరగతి పిల్లలను నేను ఒకసారి ఆ పాట గురించి అడిగాను. మొగులయ్య పాడిన భాగం చాలామందికి నోటికి వచ్చు. యాసతో సహా, కిన్నెర విరుపుతో సహా పాడి వినిపించారు. పండుగ సాయన్న ఎవరని అడిగితే తరగతి మొత్తం నిశ్శబ్దం. ఆ గొంతు ఇన్నేళ్లూ మోసుకొచ్చిన కథ ఆ గొంతుతోపాటు పిల్లల దాకా చేరలేదన్నమాట. కాని అదే రోజు సాయంత్రం ఇద్దరు పిల్లలు వచ్చి 'ఆ సాయన్న కథ ఎక్కడ దొరుకుద్ది సార్' అని అడిగిన సంగతి కూడా చెప్పకపోతే నేను సగం సత్యమే చెప్పినవాణ్ణవుతాను. సినిమా పాట ఒక దారి మూసింది, ఒక సందు తెరిచింది. ఆ సందులోంచి పిల్లల్ని అవతలికి దాటించాల్సింది ఉపాధ్యాయులు, రచయితలు. ఆ పని సినిమాది కాదు.

4

ఇక ఆదరణ సంగతి. పాట విడుదలయ్యాక కిన్నెర మోత రాష్ట్రమంతా వినిపించింది. సినిమా 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. అంతకు నెల ముందు, 2022 జనవరిలో, కేంద్ర ప్రభుత్వం మొగులయ్యకు పద్మశ్రీ ప్రకటించింది. రాష్ట్ర ప్రభుత్వం ఇంటి స్థలమూ కోటి రూపాయలూ ప్రకటించింది. 2024 మే నెలలో హైదరాబాద్ శివారులో ఒక కట్టడం పనిలో పద్మశ్రీ మొగులయ్య రోజుకూలీగా పనిచేస్తున్న దృశ్యం పత్రికల్లో, టీవీల్లో వచ్చింది. నెలనెలా వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయన అప్పుడు చెప్పుకున్నారు.

ఈ దృశ్యాన్ని జాలితో చూసి వదిలేయడం తేలిక. దాని అర్థం చూడాలి. 'పాలమూరు లేబర్' అన్న మాట ఈ దేశంలో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన ప్రతిచోటా తెలుసు. నీళ్లులేని మెట్టనేల తన మనుషుల్ని ఎగుమతి చేసిన చరిత్ర అది. కిన్నెర కథకుడు చివరికి సిమెంటు తట్ట దగ్గరికి చేరడమంటే ఆ చరిత్ర నుంచి పద్మశ్రీ కూడా ఆయన్ను తప్పించలేకపోయిందని అర్థం. బహుమతి ఒకసారి ఇచ్చేది. జీవనోపాధి రోజూ కావలసింది. దానం వేరు, వాటా వేరు. పూర్వం వాడలో డక్కలి కథకుడికి ఇచ్చింది దానం కాదు, కట్టుబాటు ప్రకారం అతని హక్కు. ఎంత కొద్దిదైనా అడిగి తీసుకునే హక్కు. ఆధునిక వ్యవస్థ ఆ హక్కును తీసేసి, దాని స్థానంలో శాలువాను పెట్టింది.

చట్టం ఏం చెబుతుంది? మన కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. 2012 నాటి సవరణ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకున్నప్పుడు ప్రదర్శకులకు రాయల్టీ పొందే హక్కు ఇచ్చింది. గీత రచయితలకూ సంగీత కర్తలకూ వదులుకోవడానికి వీల్లేని వాటా ఇచ్చింది. కాని ఒక సమూహం తరతరాలుగా నిలుపుకున్న కథకూ, బాణీకీ, కట్టుబడికీ ఈ దేశంలో ప్రత్యేక చట్టం లేదు. డక్కలివారి బాణీని ఎవరు వాడుకున్నా డక్కలివారికి చెప్పాల్సిన అవసరం లేదు. బ్రాంక్స్‌లో కాజ్ విషయంలో జరిగింది ఒక వ్యక్తి విషయంలోనే. ఇక్కడ ఒక కులం కులమే కాజ్ స్థానంలో ఉంది.

5

సాహిత్య లోకం ఈ పాటను ఎట్లా స్వీకరించింది? సూటిగా చెప్పాలంటే స్వీకరించలేదు. సినిమా పాట కాబట్టి సాహిత్య పత్రికలకు పట్టలేదు; జానపదం కాబట్టి సినిమా సమీక్షకులకు 'ముచ్చట'గా కనిపించింది. కారణం మన కొలమానాల్లో ఉంది. మనకు పుస్తకాన్ని సమీక్షించడం తెలుసు, గొంతును సమీక్షించడం తెలియదు.

ఇందుకు మంచి సాక్ష్యం అదే జిల్లాలో ఉంది. లింగాలకు ఎంతో దూరంలో లేని తెలకపల్లి మండలం గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాటను మూడు దశాబ్దాలకు పైగా జనం గొంతెత్తి పాడుకున్నారు. కూలిపోతున్న చేతివృత్తులను ఒక్కొక్కటిగా పిలిచి పలకరించిన ఆయన పాట 2002లో 'కుబుసం' సినిమాలో చేరి ఊరూరా మోగింది. ప్రపంచీకరణ గురించి రాసిన ఎన్నో వ్యాసాలు చేయలేని పని ఆ పాట చేసింది. అయినా సాహిత్య అకాడమీ 2021 సంవత్సరపు పురస్కారం ఇవ్వడానికి 'వల్లంకి తాళం' అనే పుస్తకం కావలసి వచ్చింది. వెంకన్నకు పురస్కారం రావడం సంతోషమే. కాని గమనించండి: కవిగా గుర్తింపు కాగితం గుండా వచ్చింది. అదే నేల మీద, అదే తీరు గొంతుతో, కాగితం లేని మొగులయ్యకు గుర్తింపు 'కళ' అనే విభాగంలో వచ్చింది. ఒకరు సాహిత్యం, ఒకరు కళ. ఈ గీత ఎవరు గీశారు? అక్షరం గీసింది. అక్షరం ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చిందో మనకు తెలుసు.

బయటి లోకంలోనూ ఈ గీత మీద పెనుగులాట సాగుతోంది. 2018లో పులిట్జర్ సంగీత బహుమతి కెండ్రిక్ లామార్ అనే ర్యాప్ కవి 'డ్యామ్' అనే స్టూడియో ఆల్బమ్‌కు వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాని రచనకు ఆ బహుమతి రావడం అదే మొదలు. పుస్తకంగా అచ్చు వేసుకు రమ్మని ఆయన్ను ఎవరూ అడగలేదు; విన్నదాన్నే రచనగా లెక్కించారు. మన దగ్గర 2022లో నంజియమ్మకు ఉత్తమ గాయనిగా జాతీయ పురస్కారం ప్రకటించినప్పుడు, శిక్షణ లేని గొంతుకు ఇంత పెద్ద గౌరవమా అని ఒక సంగీతకారుడు బహిరంగంగానే ఆక్షేపించాడు. ఎంతోమంది కళాకారులు ఆమె పక్షాన నిలబడ్డారు కూడా. ఆ ఆక్షేపణలో శిక్షణ అన్న మాట వెనుక ఏముందో విప్పి చూడాలి. తాతల నుంచి నేర్చుకున్నది శిక్షణ కాదు, గురువుకు జీతమిచ్చి నేర్చుకున్నదే శిక్షణ అనే భావం అది. పన్నెండు మెట్ల మీద వేళ్లు ఆడించడం ఎవరికీ పుట్టుకతో రాదు.

6

ఇంతదాకా చెప్పినదాని నుంచి 'జానపద కళను స్టూడియోకు పంపొద్దు' అనే నిర్ణయానికి ఎవరైనా వస్తే అది నా అభిప్రాయం కాదు. శుద్ధతావాదం కళను కాపాడదు, ప్రదర్శనశాలలో పెడుతుంది. 1982లో కన్నుమూసిన సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులను ఉన్నవున్నట్టు ఉంచలేదు. ఆ రూపాన్ని తీసుకుని అందులో దొర దౌర్జన్యం, వెట్టిచాకిరీ, సంఘం కథ నింపారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య పడిపోయిన తర్వాత అప్పటి నల్లగొండ జిల్లా పల్లెల్లో పాట మారకుండా ఉండటం సాధ్యమూ కాదు, ఉచితమూ కాదు. హనుమంతు చేసిందీ రూపాన్ని వాడుకోవడమే, సినిమా చేసిందీ రూపాన్ని వాడుకోవడమే. మరి తేడా ఎక్కడ? హనుమంతు ఎవరి రూపం తీసుకున్నారో వాళ్ల కథనే అందులో పెట్టి వాళ్లకే తిరిగి ఇచ్చారు. సినిమా ఆ రూపాన్ని తీసుకుని ఇంకొకరి కథ పెట్టి అందరికీ అమ్మింది. కాబట్టి అడగవలసిన ప్రశ్న 'మారిందా లేదా' అని కాదు. 'మార్చే నిర్ణయం ఎవరిది, మారిన పాట ఎవరి దగ్గరికి చేరింది' అని.

2023లో వచ్చిన 'బలగం' సినిమా ఈ ప్రశ్నకు ఇంకో తీరు జవాబు చూపింది. అందులో చివరి ఘట్టంలో చావు ఇంటి ముందు పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వరంగల్ ప్రాంతం వాళ్లు. వాళ్లు నిజజీవితంలో ఏ సందర్భంలో పాడతారో సినిమాలోనూ అదే సందర్భంలో పాడారు. పాట నాంది కాలేదు, కథకు ముడి విప్పే స్థానంలో నిలిచింది. వ్యాపార సినిమా లోపలే, స్టూడియో లోపలే అది సాధ్యమైంది. సాధ్యం కాదనే వాదనకు ఇక తావు లేదు. అయితే 2024 డిసెంబర్‌లో మొగిలయ్య చనిపోయే నాటికి ఆయన పేరు జనానికి జబ్బు వార్తలతో, సాయం కోసం వచ్చిన విజ్ఞప్తులతో కలిసే తెలిసింది. రూపానికి న్యాయం జరిగినంత మాత్రాన మనిషికి న్యాయం జరగదని ఈ రెండు పేర్లూ కలిసి చెబుతున్నాయి.

రచయితల ముందు, సాహిత్య విద్యార్థుల ముందు మూడు పనులున్నాయని నా అభిప్రాయం. పండుగ సాయన్న, మియాసాబు కథలను పాడే గొంతులు ఉండగానే, పూర్తి నిడివితో, వాళ్ల అనుమతితో, వాళ్ల పేరుతో, వాళ్ల వాటాతో రికార్డు చేసి పెట్టాలి. అచ్చు వేస్తే పాడినవారి పేరు కర్తగా ఉండాలి. సేకర్త పేరు కింద ఉండాలి. రెండోది, పాటను విమర్శించే పరిభాష తయారు చేసుకోవాలి. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు, వచనం నుంచి వరసకు ఎప్పుడు మళ్లాడు, వాద్యం ఎక్కడ మాటకు బదులు చెప్పింది అన్న సంగతులు ఛందస్సు పాఠంలో భాగం కావాలి. ఎంఏ తెలుగు చదివినవాడికి సీసపద్యం గణవిభజన వచ్చి, కిన్నెర కథ కట్టుబడి రాకపోవడం ఆ చదువు లోపం. మూడోది, పాడినవారి హక్కు గురించి మాట్లాడటం సాహిత్య విమర్శకు బయటి పని అనుకోవడం మానాలి. రాయల్టీ లెక్క కూడా వస్తువే, శిల్పంతో సమానంగా చర్చించాల్సిన వస్తువే.

కిన్నెరకు పన్నెండు మెట్లు ఉన్నాయి. సినిమా పాటలో మనం విన్నవి ఒకటో రెండో. మిగిలిన మెట్ల మీద ఏ కథలున్నాయో వినాలంటే ఆ మనిషికి కూర్చుని పాడే తీరిక కావాలి, వినేవాళ్లకు కూర్చుని వినే తీరిక కావాలి. సిమెంటు తట్ట మోసే చేతికి ఆ తీరిక ఉండదు. ఆ తీరికను ఎవరు దోచుకున్నారు, దాన్ని ఎట్లా తిరిగి ఇప్పించాలి అన్న చర్చ మొదలుపెట్టడం మన పత్రికల పని.